గుమ్మటం కింద మాట, డాబా మీద రుజువు



వైను బప్పు స్మృతిలో నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. ఆయన మన వరంగల్ మనిషి కాదు. కేరళ మూలాలున్న కుటుంబంలో, 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టారు. అయితే ఆయనలోని ఖగోళ శాస్త్రజ్ఞుడు తయారైంది హైదరాబాదులోనే. తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో సొంతంగా మొదలుపెట్టిన ఆ వేధశాల తరవాత నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి బేగంపేటకు మారింది. ప్రపంచంలోని వేధశాలలు పంచుకుని తయారుచేసిన నక్షత్ర పటంలో తన వాటాకు వచ్చిన పట్టీని ఏళ్ల తరబడి కొలిచింది. ఆ ఆవరణలో తిరిగిన పిల్లవాడు నిజాం కాలేజీలో చదివి, హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ వెళ్లి, 1949 జులైలో ఒక ఫొటో ప్లేటు మీద కొత్త తోకచుక్కను పట్టుకున్నాడు. దాని పేరు బప్పు-బాక్-న్యూకర్క్. 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి, నక్షత్రపు వర్ణపటంలో ఒక కాల్షియం గీతను కొలిచి ఆ నక్షత్రం నిజంగా ఎంత వెలుగు వెదజల్లుతోందో చెప్పే పద్ధతిని లోకానికి ఇచ్చారు. అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు అధ్యక్షుడిగా ఉండగానే, 1982 ఆగస్టు 19న మ్యూనిక్‌లో కన్నుమూశారు. తమిళనాడులోని కావలూరులో ఆయన తలపెట్టిన 2.34 మీటర్ల దూరదర్శినికి 1986లో ఆయన పేరే పెట్టారు.

ఈ జీవితంలోంచి నేను ఈ సాయంత్రం తీసుకునేది ఒక్క సంగతే. ఆకాశం గురించి పొద్దున విన్న మాటను రాత్రికి సొంత కంటితో సరిచూసుకునే వీలు బప్పుకు చిన్నతనంలోనే దొరికింది. పక్కన చెప్పే మనిషి ఉన్నాడు, పైన చూపే ఆకాశం ఉంది. మన పిల్లల్లో ఎంతమందికి ఈ రెండూ ఒక్కచోట దొరుకుతున్నాయి? దొరకడానికి వీలున్న ఒకే ఒక బహిరంగ స్థలం ప్లానెటోరియం. అందుకే అక్కడ జనానికి చేసే ప్రసంగం ఎట్లా ఉండాలన్నదే నా విషయం. నేను వాదించబోయేది ఇంతే: గుమ్మటం కింద చెప్పిన మాట డాబా మీద రుజువు కావాలి. అట్లా రుజువు చేసుకోవడానికి వీల్లేని మాట చెప్పాల్సి వస్తే, అది మనిషికి ఎట్లా తెలిసిందో కూడా చెప్పాలి. దీన్ని ఆరు మెట్లుగా చెబుతాను. ఆరు అనగానే గడియారం వైపు చూడకండి, కొన్ని మెట్లు పొట్టివే.

1. ఒక ఊరి కోసం పుట్టిన యంత్రం

బప్పు కన్నుమూసిన మ్యూనిక్ కోసమే ప్లానెటోరియం పుట్టింది. అక్కడి డాయ్చెస్ మ్యూజియం కోసం జైస్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ బావర్స్‌ఫెల్డ్ రూపొందించిన యంత్రాన్ని 1923 అక్టోబరు 21న అక్కడ మొదటిసారి చూపించారు. అంతకుముందు ఆలోచన వేరు: గుమ్మటానికే చుక్కలు అమర్చి గుమ్మటాన్ని తిప్పడం. బావర్స్‌ఫెల్డ్ దాన్ని తిరగేశాడు. గుమ్మటం కదలదు, నడుమ ఉన్న దీపం తిరుగుతుంది, చుక్కలు వెలుగుగా వచ్చి పైకప్పు మీద పడతాయి. ఆ యంత్రం సుమారు 4,500 చుక్కలు చూపేది. దానికి ఒక హద్దు ఉండేది. మ్యూనిక్ అక్షాంశం నుంచి కనిపించే ఆకాశాన్ని తప్ప ఇంకో ఊరి ఆకాశాన్ని చూపలేకపోయేది. ఆ హద్దు వల్లే ఒక మేలు జరిగింది. చూసినవాడు బయటికి వచ్చి తలెత్తితే లోపల చూసిన చుక్కలే పైన ఉండేవి.

కొద్ది ఏళ్లకే భూమ్మీద ఏ చోటి ఆకాశాన్నైనా చూపే రెండో నమూనా వచ్చింది. ఆ తరవాత ప్లానెటోరియంలు దేశదేశాలకు పాకాయి. కలకత్తాలో బిర్లా ప్లానెటోరియం 1962లో తెరుచుకుంది. హైదరాబాదులో నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటోరియంను 1985 సెప్టెంబరు 8న నాటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు ప్రారంభించారు. స్కూలు ఎక్స్‌కర్షన్ బస్సులో పోయి అక్కడ తెలుగులో వ్యాఖ్యానం విన్నవాళ్లు ఈ హాల్లోనే చాలామంది ఉంటారు. మన ఊళ్లో ప్రతాపరుద్రుడి పేరుతోనే ప్లానెటోరియం ఉంది. ఇప్పటి డిజిటల్ యంత్రాలైతే మనల్ని శని వలయాల నడుమ నుంచి తీసుకుపోతాయి, పాలపుంత బయట నిలబెట్టి వెనక్కి చూపిస్తాయి.

నా ఫిర్యాదు ఇక్కడ మొదలవుతుంది. యంత్రానికి అన్ని ఊళ్లూ అందుబాటులోకి వచ్చాక ప్రసంగం సొంత ఊరిని వదిలేసింది. మొదటి యంత్రానికి తప్పనిసరిగా ఉన్న గుణం మనకు ఇష్టమైతే పాటించేదిగా మారి, క్రమంగా అరుదైంది. బొమ్మ ఎక్కడ తయారైందో వ్యాఖ్యానం కూడా అక్కడే తయారై వస్తే, అందులో హనుమకొండ మీది ఆకాశం ఎందుకు ఉంటుంది?

2. జానెడు ఎత్తున ధ్రువుడు

మన ఆకాశంలో చెప్పడానికి ఏముందని అడుగుతారేమో. వరంగల్ అక్షాంశం దాదాపు 18 డిగ్రీలు. కాబట్టి ధ్రువ నక్షత్రం మనకు ఉత్తర దిక్కున, నేల అంచు నుంచి 18 డిగ్రీల ఎత్తున ఉంటుంది. కొలవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. చేయి పూర్తిగా చాచి జాన పడితే, బొటనవేలి నుంచి చిటికెన వేలికి సుమారు 20 డిగ్రీలు. అంటే జానెడు ఎత్తున, కాస్త తక్కువగా ధ్రువుడు దొరుకుతాడు. ఢిల్లీలో ఉన్న మీ బంధువుకు జానెడున్నర దాకా ఎత్తుంటాడు, కన్యాకుమారిలో పిడికెడు ఎత్తు కూడా ఉండడు. ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుని తమ తమ డాబాల మీద కొలిచి చూస్తే, భూమి గుండ్రమన్న మాటను ఆ రాత్రి వాళ్లే రాబట్టినట్టు.

ఇప్పుడు వెనక్కి తిరగండి. ఫిబ్రవరి నెల నడుమ రాత్రి తొమ్మిది ప్రాంతంలో దక్షిణాన ఒంటరిగా మెరిసే పెద్ద చుక్క అగస్త్యుడు. అతనూ మనకు సుమారు 19 డిగ్రీల ఎత్తునే ఉంటాడు. ఉత్తరాన ధ్రువుడు ఒక జాన, దక్షిణాన అగస్త్యుడు ఒక జాన. ఈ సమతూకం అన్ని ఊళ్లకూ దొరకదు. మ్యూనిక్ వాడికైతే అగస్త్యుడు ఎన్నడూ పైకి రాడు. మే నెల మధ్యలో అదే వేళకు, దక్షిణాన ఇంకా కిందుగా, పన్నెండు డిగ్రీల ఎత్తున, త్రిశంకు అని మనం పిలిచే నాలుగు చుక్కల శిలువ నిలబడుతుంది. ఇళ్లు అడ్డు లేని చోటు కావాలంతే. భద్రకాళి చెరువు కట్టో, ఏదైనా గుట్టో సరిపోతుంది.

పగలు కూడా మన ప్లానెటోరియానికి పని ఉంది. మే 12 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 1 ప్రాంతంలో మరోసారి సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీదికి వస్తాడు. నిటారుగా నిలిపిన కర్రకు ఆ క్షణాన నీడ ఉండదు. అది మే నెలలో 12 గంటల 8 నిమిషాల ప్రాంతంలో, ఆగస్టులో 12 గంటల 18 నిమిషాల ప్రాంతంలో. సరిగ్గా పన్నెండుకే ఎందుకు కాదని ఏ పిల్లవాడైనా అడిగితే, ఆ రోజు ప్రసంగం పండినట్టే. మన గడియారాలు నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన. మనం దానికి దాదాపు 3 డిగ్రీలు పడమటగా ఉన్నాం, కాబట్టి 12 నిమిషాలు వెనకబడి ఉంటాం. మిగతా తేడా భూమి సూర్యుడి చుట్టూ ఒకే వేగంతో తిరగకపోవడం వల్ల, దాని ఇరుసు ఒరిగి ఉండటం వల్ల వస్తుంది. నాలుగు అడుగుల కర్ర దగ్గర మొదలైన ప్రశ్న ఇంత దూరం పోతుంది.

3. కార్తెలు, బతుకమ్మ, మేడారం

మన జనానికి ఆకాశం తెలియదనుకుని మాట్లాడే ప్రసంగాలు విన్నాను. రోహిణి కార్తెలో ఎండలకు రోళ్లు పగులుతాయని తెలియని రైతు తెలంగాణలో లేడు. మృగశిర రాగానే చేపల బజారు ఎట్లా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. కానీ రోహిణి కార్తెలో రోహిణి నక్షత్రం ఎక్కడుందని అడిగి చూడండి. సమాధానం తేలిగ్గా రాదు, ఎందుకంటే ఆ రోజుల్లో అది కనిపించదు. మే 25 నుంచి జూన్ 7 దాకా సూర్యుడు ఉండేది ఆ నక్షత్రం దగ్గరే. పగటి వెలుగులో అది మునిగిపోతుంది. దాన్ని చూడాలంటే డిసెంబరు మొదట్లో, పొద్దుగూకగానే తూర్పుకు తిరగాలి. పిల్లలకోడి గుంపు కిందుగా ఎర్రగా కనిపిస్తుంది.

ప్లానెటోరియం తప్ప ఇంకేదీ చేయలేని పని ఇక్కడుంది. యంత్రంలో పగటి వెలుగును ఆపేసి, సూర్యుణ్నీ నక్షత్రాన్నీ పక్కపక్కన చూపవచ్చు. కార్తె అంటే సూర్యుడి చిరునామా అని ఒక్క నిమిషంలో రైతుకు అర్థమవుతుంది. ఆరు నెలలు ఆగి ఆ చుక్కను తన పొలం గట్టు మీద నుంచే చూసుకుంటాడు.

బతుకమ్మ సంగతి చూడండి. పెత్రమాస నాడు, చంద్రుడు లేని రాత్రి మొదలవుతుంది. అష్టమి నాడు సద్దుల బతుకమ్మ. ఈ నడుమ రోజూ సాయంత్రం ఆడపిల్లలు అదే వాకిట్లో, దాదాపు అదే వేళకు ఆడతారు. మూడో నాటికి పడమట సన్నని నెలవంక, రోజురోజుకూ ఎత్తుకూ తూర్పుకూ జరుగుతూ, లావెక్కుతూ, సద్దుల నాటికి సగం చంద్రుడై అర్ధరాత్రి ప్రాంతం దాకా వెలుగిస్తాడు. ఖగోళం నేర్పడానికి ఇంత చక్కగా కుదిరిన పాఠ్యక్రమాన్ని ఏ విద్యాశాఖ కూర్చగలదు? పండుగకు ముందు వారం ప్లానెటోరియంలో ఒక ప్రసంగం పెట్టి, రోజూ ఆట మొదలుపెట్టే ముందు చంద్రుణ్ని ఒక కాగితం మీద గీయమంటే చాలు.

మేడారం జాతర మాఘ పౌర్ణమికి. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది. 24 రాత్రి నిండు చంద్రుడి దగ్గర్లో మెరిసిన చుక్క మఖ. నెలకు మాఘం అన్న పేరు ఆ చుక్క వల్లే. తాడ్వాయి అడవి దారిలో నడిచిన లక్షల మంది నెత్తి మీద ఆ రుజువు రాత్రంతా వెలుగుతూనే ఉంది. చూపించే వేలు ఒకటి కరువైంది.

4. విక్రమ్ దిగిన పొద్దు

ఇదంతా కంటికి కనిపించే ఆకాశం, మరి రాకెట్ల మాటేమిటని పిల్లలు అడుగుతారు, అడగాలి. అంతరిక్ష యాత్రల ప్రసంగం చాలా తరచుగా విజయాల జాబితా అవుతుంది: ఫలానా తేదీ, ఫలానా బరువు, ఫలానా స్థానం. చప్పట్లు పడతాయి, ఇంటికి పోయాక సరిచూసుకోవడానికి ఏమీ మిగలదు. దాన్నీ డాబా మీదికి తేవచ్చు.

చంద్రయాన్-3 శ్రీహరికోట నుంచి 2023 జులై 14న బయలుదేరి, ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రుడి మీద దిగింది. ఆగస్టు 23నే ఎందుకు? ల్యాండర్, రోవర్ రెండూ సూర్యరశ్మితో పనిచేసేవి. చంద్రుడి మీద పగలు మన లెక్కలో సుమారు 14 రోజులు. దిగే చోట తెల్లవారిన వెంటనే దిగితే ఆ పగలంతా పనికొస్తుంది. ఆ సాయంత్రం మన ఆకాశంలో చంద్రుడు సగానికి కొంచెం తక్కువగా ఉన్నాడు. మొదటి పాదం పూర్తయింది మర్నాడే. వెలుగుకూ చీకటికీ నడుమ మనకు కనిపించే గీత అక్కడి సూర్యోదయపు గీత. ల్యాండర్ విక్రమ్ దిగిన చోటు, దక్షిణపు అంచుకు దగ్గరగా, ఆ గీత దాటి కొద్దిగా వెలుగు వైపు ఉంది. ఆగస్టు 31న పౌర్ణమి. ఆ తరవాత చీకటి చంద్రుణ్ని తూర్పు అంచు నుంచి తినుకుంటూ వచ్చి, నాలుగైదు రోజులకు ఆ చోటికి చేరింది. సెప్టెంబరు మొదటి వారంలో ఇస్రో రోవర్‌నూ ల్యాండర్‌నూ నిద్రపుచ్చింది ఇందుకే. టీవీలో చూసినదానికీ మిద్దె మీద నుంచి కనిపించే చంద్రుడికీ సంబంధం ఉందని తెలిసిన పిల్లవాడికి ఆ యాత్ర సొంతమవుతుంది.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మరీ తేలిక. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటన్నరకు ఒక చుట్టు. 2025 జూన్, జులైలో మన వ్యోమగామి శుభాంశు శుక్లా అందులో ఉన్నారు. అనువైన రోజుల్లో సంధ్యవేళ మన మీదుగా పడమటి వైపు నుంచి తూర్పుకు నాలుగైదు నిమిషాలపాటు మెరుస్తూ పోతుంది. ఒక్కోసారి నడిమింటనే ఆరిపోయినట్టు మాయమవుతుంది. మబ్బు కాదు, దీపం పోవడమూ కాదు, అది భూమి నీడలోకి జారుకుంది. మీరు చీకట్లో ఉండగా అంత ఎత్తున ఇంకా ఎండ కాస్తోందన్న సంగతికి అంతకన్నా రుజువు ఏం కావాలి?

5. డాబాకు అందనివి

అన్నీ డాబా మీద తేలవు, ఒప్పుకుంటాను. వేయిస్తంభాల గుడి వెలసిన 1163 నాటి ఆకాశాన్ని యంత్రంలో వేస్తే, ధ్రువ నక్షత్రం కదలకుండా ఉండదు. ఉత్తర ధ్రువ బిందువుకు అయిదు డిగ్రీల దూరాన చిన్న చుట్టు తిరుగుతూ ఉంటుంది. సూర్యుడు రోహిణిలోకి వచ్చేది, రుతువుల లెక్కన చూస్తే, ఇప్పటికన్నా సుమారు పన్నెండు రోజుల ముందు. భూమి ఇరుసు మెల్లగా దిశ మార్చుకుంటూ ఉండటమే కారణం. కార్తెలు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున రుతువుల మీంచి జరుగుతున్నాయి. ఒక మనిషి తన ఆయుష్షులో డాబా మీద నిలబడి దీన్ని పట్టుకోలేడు.

అటువంటి చోట 'శాస్త్రజ్ఞులు కనుగొన్నారు' అని దాటేస్తే మనం పురాణం చెప్పినట్టే. క్రీస్తు పూర్వం రెండో శతాబ్దంలో హిపార్కస్ తనకన్నా నూట యాభై ఏళ్ల ముందటివాళ్లు రాసిపెట్టిన చుక్కల స్థానాలను తన కొలతలతో పోల్చాడు, తేడా వచ్చింది అని చెప్పాలి. పాత కొలత దాచిపెట్టినవాడు ఉండబట్టి కొత్త సంగతి తెలిసింది. నిజామియా వేధశాల ప్లేట్ల మీద ఒక్కో చుక్కనూ కొలిచి అచ్చువేసినవాళ్లు చేసిన పని కూడా అదే కోవలోది. అప్పుడు వినేవాడికి ఫలితంతోపాటు దారి కూడా దొరుకుతుంది.

ఫలితం చెప్పడానికీ దారి చూపడానికీ ఉన్న ఈ తేడా గ్రహణాల విషయంలో ప్రాణం పోసుకుంటుంది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు దారి తెలంగాణ మీదుగా పోయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయపు 48 అంగుళాల దూరదర్శిని ఉన్న జాపాల-రంగాపూర్‌కు శాస్త్రజ్ఞులు వచ్చి చేరారు. అదే వేళ ఊళ్లలో వీధులు నిర్మానుష్యమయ్యాయి, జనం తలుపులు వేసుకుని కూర్చున్నారు. తల్లులారా, నవ్వకండి, మనలో కొందరం ఆ తలుపుల లోపలే ఉన్నాం. 'భయపడకండి' అని శాస్త్రజ్ఞుడు అన్నా, 'బయటికి రావద్దు' అని ఇంకొకరు అన్నా, వినేవాడికి రెండూ పెద్దల మాటలే. ఎవరిని నమ్మాలో తేల్చుకోవడానికి చేతిలో ఆధారం లేదు. గ్రహణానికి నెల ముందే చెట్టు కింద పడే ఎండ మచ్చలను చూపించి, ఆకుల సందుల్లోంచి వచ్చిన ఒక్కో గుండ్రని మచ్చా సూర్యుడి బొమ్మేనని చెప్పి, గ్రహణం నాడు అవన్నీ నెలవంకలవుతాయని ముందే చెప్పి ఉంటే? నేరుగా సూర్యుణ్ని చూడాల్సిన పని లేదు, కళ్లకు ముప్పు లేదు, మాట నిజమో కాదో నేల మీదే తేలిపోతుంది. 2031 మే 21న దక్షిణ కొసన కేరళ, తమిళనాడుల్లో వలయ గ్రహణం, మనకు పాక్షికం. సిద్ధం కావడానికి వ్యవధి ఉంది.

6. చెప్పే మనిషి

రికార్డు చేసిన ప్రదర్శనలను తీసిపారేయాలని నేను అనడం లేదు. మనుషులు తక్కువ ఉన్న చోట అవే ఆధారం. ఎవరు ఆపరేటరైనా పొరపాటు లేకుండా నడుస్తాయి, బొమ్మలు అద్భుతంగా ఉంటాయి. పిల్లల్ని తలుపు దాకా తెచ్చేది ఆ అద్భుతమే. కానీ రికార్డుకు ప్రశ్న వినపడదు. ఈ రాత్రి మబ్బుందో లేదో దానికి తెలియదు. వచ్చే వారం బతుకమ్మ అని తెలియదు.

కనుక నా ప్రతిపాదన చిన్నది. గంట ప్రదర్శనలో ముప్పావు గంట రికార్డు ఉండనివ్వండి. చివరి పావుగంట ఒక మనిషికి ఇవ్వండి. కాలేజీ అధ్యాపకుడు కావచ్చు, బడి పంతులు కావచ్చు, చుక్కలంటే పిచ్చి ఉన్న ఇంజనీరింగ్ విద్యార్థి కావచ్చు. మన ఊళ్లో నిట్ ఉంది, కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది, హనుమకొండలో సైన్స్ సెంటర్ ఉంది. మనుషులకు కొదవ లేదు. ఆ పావుగంటలో మూడు పనులు జరగాలి. ఈ వారం వరంగల్ మీద ఏముందో యంత్రంలో చూపాలి. ఇంటికి పోయి చేయాల్సిన ఒక్క పని అప్పజెప్పాలి: ధ్రువుణ్ని జానతో కొలవడమో, కర్ర నీడ గుర్తు పెట్టడమో, చంద్రుణ్ని గీయడమో. క్రితం సారి పని చేసి వచ్చినవాళ్లు ఏం చూశారో ముందు వరసలో కూర్చోబెట్టి అడగాలి.

మూడోది అన్నిటికన్నా కష్టం, అవసరం కూడా. ఎందుకంటే కొందరు వచ్చి 'సార్, మీరు చెప్పిన చోట అది లేదు' అంటారు. చెట్టు అడ్డమై ఉండవచ్చు, వేళ తప్పి ఉండవచ్చు, చెప్పినవాడి లెక్కే తప్పి ఉండవచ్చు. మూడింటిలో ఏదో అందరి ముందూ తేల్చాలి. మాట మీద గౌరవం పెరిగేది అక్కడే. వక్తను నిలదీసే హక్కు పదేళ్ల పిల్లకు ఉన్న చోట సైన్సు బతుకుతుంది.

ఉపాధ్యాయ మిత్రులకు చివరి విన్నపం. మీ బడి పిల్లల్ని ప్లానెటోరియానికి తీసుకుపోయే ముందు నిర్వాహకులను ఒక్క ప్రశ్న అడగండి: ఈ ప్రదర్శన చూశాక మా పిల్లలు ఈ రాత్రి తమ ఇంటి మీద ఏం వెతకాలి? జవాబు వస్తే టికెట్లు కొనండి. రాకపోతే, ఆ పావుగంట మాట్లాడటానికి మీరే ముందుకు రండి. ఇక ప్రశ్నలు అడగండి, వెనక వరసల నుంచి మొదలుపెడదాం.